మందు మింగే వారి మాట వినండి

స్కిజోఫ్రెనియా, డోపమైన్, రోగి హక్కులు: అమీర్‌పేటలో జరిగిన కుటుంబ అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం



మనం సమావేశమైన ఈ అమీర్‌పేటలో మెట్రో రైలెక్కి మియాపూర్ వైపు వెళితే మూడో స్టేషన్ ఎర్రగడ్డ. నిజాం ఏలుబడిలో జాల్నాలో నడిచిన మానసిక చికిత్సాలయం 1953లో అక్కడికి తరలివచ్చింది. అక్కడ వైద్యులున్నారు, మందులున్నాయి, పడకలున్నాయి. అయినా మన నగరంలో ‘ఎర్రగడ్డ’ అనే మాట చికిత్సాలయం పేరుగా కంటే ఎగతాళిగానే ఎక్కువగా వినబడుతుంది. “వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి” అని నవ్వుతూ అనేస్తాం. ఆ నవ్వుకు జడిసి, ఇంట్లో బిడ్డకు మతి చలించినా మూడు స్టేషన్ల దూరం వెళ్లలేక ఏళ్ల తరబడి తలుపులు మూసుకొని కూర్చున్న కుటుంబాలు మన బస్తీల్లో ఉన్నాయి.

ఈ మాటలు అమీర్‌పేటలోనే చెప్పడానికి మరో కారణం కూడా ఉంది. స్కిజోఫ్రెనియా చాలామందిలో కౌమారం చివరి నుంచి 30 ఏళ్ల లోపు తలెత్తే వ్యాధి. ఇక్కడి హాస్టళ్లలో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్నది సరిగ్గా ఆ వయసు పిల్లలే. చదువు ఈ వ్యాధిని పుట్టించదు. కాని ఇంటికి దూరంగా ఉన్న పిల్లవాడు నిద్ర మానేసినా, గది దాటి బయటకు రాకపోయినా, తోటివాళ్లు తనపై కుట్ర పన్నుతున్నారని భయపడినా గమనించేవారు ఉండరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 2 కోట్ల 40 లక్షల మందికి, అంటే దాదాపు 300 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంది. ఇది ఏ మతాన్నీ, ఏ కులాన్నీ, ఏ ఆదాయాన్నీ వదలలేదు.

ఈనాడు మేము ప్రధానంగా ఒకే విషయం మనవి చేయదలిచాం. ఈ వ్యాధికి మెదడులో ఒక తావు ఉంది. మందు ఆ తావులో పనిచేస్తుంది, దానితోపాటు మరి కొన్ని తావుల్లోనూ పనిచేస్తుంది. కనుక రోగి “నాకు భయమేస్తున్నది” అన్నప్పుడు ఎంత నిజం చెబుతున్నాడో, “ఈ మందు నన్ను బాధిస్తున్నది” అన్నప్పుడు కూడా అంతే నిజం చెబుతున్నాడు. ఈ రెండు మాటలనూ వినే ఇంట్లోనే చికిత్స నిలబడుతుంది.

డోపమైన్ చేసే పని

మెదడులోని నాడీకణాలు ఒకదానితో ఒకటి రసాయనాల ద్వారా మాట్లాడుకుంటాయి. ఆ రసాయనాలలో డోపమైన్ ఒకటి. ఒక కణం దానిని విడుదల చేస్తుంది, ఎదుటి కణంపై ఉన్న గ్రాహకాలు దానిని అందుకుంటాయి. మనకు కావలసిన గ్రాహకం పేరు డి2. దీనిని తాళమనుకుంటే డోపమైన్ తాళంచెవి.

ఈ తాళంచెవి తెరిచే తలుపేమిటి? మైత్రీవనం కూడలిలో నిలబడి చూడండి. వందల కోచింగ్ బోర్డులు, వేల ముఖాలు, హారన్లు, ఎవరివో మాటలు. వీటిలో తొంభై తొమ్మిది పాళ్లను మన మెదడు పట్టించుకోదు. మన బస్సు నంబరు, మనల్ని పిలిచిన గొంతు మాత్రమే పట్టుకుంటుంది. ‘ఇది ముఖ్యం, దీనిని గమనించు’ అని ముద్ర వేసే పనిలో డోపమైన్ పాత్ర పెద్దది. ఇప్పుడు ఆ ముద్ర అదుపు తప్పి ప్రతి దానిమీదా పడుతున్నదనుకోండి. పక్కన ఆగిన కారు నంబరులో ఏదో సంకేతం ఉన్నట్టుంటుంది. ఎదురుగా దగ్గిన మనిషి తన కోసమే దగ్గినట్టుంటుంది. మనసులోని ఆలోచన బయటి నుంచి వచ్చిన గొంతులా వినబడుతుంది. ఇన్నిటికీ కారణం వెతుక్కున్న మనిషి చివరకు ఒక కథ కట్టుకుంటాడు. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదువుకున్న మనోవైద్య శాస్త్రజ్ఞుడు షితిజ్ కపూర్ 2003లో మతిభ్రమను ఈ తీరున వివరించారు.

ఆ కథకు కావలసిన సామగ్రి మనిషి పెరిగిన ఇంటి నుంచే వస్తుంది. మన ఇంట్లో పుట్టినవాడు జిన్నాతు పట్టిందంటాడు. మరో ఇంటి పిల్లవాడు అమ్మవారు పూనిందంటాడు. అమెరికాలో ఉన్నవాడు ప్రభుత్వం తన పంటిలో యంత్రం పెట్టిందంటాడు. కథలు వేరైనా వెనుక జరుగుతున్నది ఒకటే.

నాలుగు దారులు

డోపమైన్ మెదడంతా ఒకే తీరుగా పరుచుకొని ఉండదు. దానికి ముఖ్యంగా నాలుగు దారులున్నాయి.

మొదటి దారి మధ్యమెదడు నుంచి కోరిక, ప్రేరణ, భావోద్వేగాలతో ముడిపడిన లోపలి భాగాలకు వెళుతుంది. దీనిని మీసోలింబిక్ మార్గమంటారు. అనుమానాలు, లేని గొంతులు వినబడటం ఈ దారిలో డోపమైన్ మితిమీరడం వల్లనని చాలాకాలంగా భావించారు. ఇటీవలి పెట్ స్కాన్ పరిశోధనలు దానిని మరింత సరిదిద్దాయి. లోపలి మెదడులోని స్ట్రయాటమ్ అనే భాగానికి చేరే డోపమైన్ తయారీ ఈ రోగులలో సగటున ఎక్కువగా ఉందని, ఆ హెచ్చు ఆలోచనతో సంబంధమున్న ప్రాంతంలో మరింత స్పష్టమని తేలింది.

రెండవది మీసోకార్టికల్ మార్గం. ఇది నుదుటి వెనుక ఉన్న మెదడుకు వెళుతుంది. ఈ దారిలో డోపమైన్ తక్కువ కావడం వల్లనే ఉత్సాహం ఉడగడం, మాట తగ్గడం, పనికి పూనుకోలేకపోవడం కలుగుతాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇంట్లో మనం సోమరితనం అని తిట్టేది తరచుగా దీనినే.

మూడవది నైగ్రోస్ట్రయాటల్ మార్గం. ఇది కదలికలను చక్కదిద్దుతుంది. ఈ దారిలోని కణాలు నశిస్తే వచ్చేదే పార్కిన్సన్ వ్యాధి.

నాలుగవది చిన్నది. మెదడు అడుగు భాగం నుంచి పీయూష గ్రంథికి వెళ్లే ఈ దారిలో డోపమైన్ పాలకు సంబంధించిన ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను అదుపులో ఉంచుతుంది.

డోపమైన్ ఒక్కటే ఈ వ్యాధికి మొత్తం కారణం అని మేము చెప్పడం లేదు. వంశపారంపర్యం, గర్భంలోను ప్రసవంలోను కలిగే చిక్కులు, గంజాయి, గ్లూటమేట్ వంటి ఇతర రసాయనాలు, వీటన్నిటికీ పాత్ర ఉంది. తల్లి పెంపకం లోపం వల్ల ఈ వ్యాధి వస్తుందన్న పాత వాదన మాత్రం నిలబడలేదు. ఆ నిందను తల్లుల నెత్తిమీద నుంచి దించండి.

సర్పగంధ నుంచి డోపమైన్ దాకా

ఈ విజ్ఞానమంతా పడమటి నుంచి వచ్చిందని అనుకునే వారికి ఒక చరిత్ర చెప్పాలి. మన దేశంలో సర్పగంధ అనే మొక్క ఉంది. యూనానీ వైద్యులు దానిని అస్రోల్ అంటారు. ఉత్తరాదిలో దాని వేరుకు ‘పాగల్ కీ దవా’ అనే పేరుంది. 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే వైద్యులు రక్తపోటుకు, ఉన్మాదానికి ఆ వేరు వాడకం గురించి వ్యాసం ప్రచురించారు. సరిగ్గా ఆ ఏడాదే ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దీఖీ ఆ వేరు నుంచి కొన్ని క్షారాలను వేరుచేసి, ఆ కళాశాలను తీర్చిదిద్దిన హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద ఒకదానికి ‘అజ్మలీన్’ అని పేరుపెట్టారు. 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు అదే వేరు నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చిన జంతువులు కదలిక లేకుండా పడి ఉండటం, డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఇవ్వగానే లేచి తిరగడం 1957లో చూశారు. మెదడులో డోపమైన్‌కు స్వతంత్రమైన పని ఉందని లోకానికి తెలిసింది ఆ పరిశోధనతోనే. 2000లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

అంటే, నేడు ఎర్రగడ్డలో వైద్యుడు చీటీపై రాసే మందు వెనుక మన హకీముల చేతి వేరు కూడా ఉంది. అలాగని ఎవరూ సర్పగంధ చూర్ణాన్ని సొంతంగా వాడరాదు. అది రక్తపోటును ప్రమాదకరంగా తగ్గించగలదు, మనసును క్రుంగదీయగలదు. అందుకే వైద్యులు ఈ వ్యాధికి దానిని వదిలేశారు.

నేటి మందుల వరుస 1952లో మొదలైంది. ఆ సంవత్సరం పారిస్‌లో డిలే, డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజైన్‌ను రోగులకు ఇచ్చి ఫలితం ప్రకటించారు. 1958లో బెల్జియంలో హాలోపెరిడాల్ తయారైంది. ఇవి ఎలా పనిచేస్తున్నాయో అప్పటికి ఎవరికీ తెలియదు. 1970లలో కెనడాలో ఫిలిప్ సీమన్ బృందం డి2 గ్రాహకాన్ని గుర్తించి, మందు ఆ తాళంలో ఎంత గట్టిగా ఇరుక్కుంటే అంత తక్కువ మోతాదు సరిపోతున్నదని చూపింది.

తాళం ఒకటే, గదులు నాలుగు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నాలుగు దారుల్లోనూ డి2 తాళాలున్నాయి. మింగిన మాత్ర ఒక్క దారికే పొమ్మంటే పోదు.

మొదటి దారిలో తాళం మూసుకుంటే భయం తగ్గుతుంది, గొంతులు దూరమవుతాయి. ఇది మనకు కావలసిన ఫలితం. ఇందుకు కొన్ని వారాల వ్యవధి కావాలి, నాలుగు రోజుల్లో తీర్పు చెప్పరాదు.

కదలికల దారిలో మూసుకుంటే చేతులు వణుకుతాయి, ఒళ్లు బిగుసుకుంటుంది, ముఖంలో కళ తగ్గుతుంది. కొందరికి ఒకచోట కూర్చోలేని, నిలబడలేని తహతహ కలుగుతుంది. ఇది నమాజుకు నిలబడిన మనిషిని సఫ్ మధ్యలో నుంచి లేపి నడిపిస్తుంది. ఇంట్లోవారు షైతాన్ వీణ్ణి నమాజు నుంచి తరుముతున్నాడని భయపడతారు. కొందరు వ్యాధి ముదిరిందని మోతాదు పెంచమంటారు, దానితో తహతహ మరింత పెరుగుతుంది. నిజానికి ఇది మందు ప్రభావం. వైద్యునికి చెబితే మోతాదు తగ్గిస్తారు, మందు మారుస్తారు లేదా దానికి విరుగుడు ఇస్తారు. ఏళ్ల తరబడి వాడినవారిలో నోరు, నాలుక తమంతట తామే కదులుతుంటే అదీ వెంటనే చూపించవలసిన లక్షణమే. తీవ్రమైన జ్వరంతో ఒళ్లు కొయ్యలా బిగుసుకొని స్పృహ తప్పుతుంటే మాత్రం అది అత్యవసర పరిస్థితి. అర్ధరాత్రైనా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నాలుగవ దారిలో మూసుకుంటే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. స్త్రీలకు నెలసరి ఆగిపోవచ్చు, బిడ్డ లేకున్నా పాలు రావచ్చు. పెళ్లికాని ఆడపిల్లకు ఇలా జరిగితే ఇంట్లో ఏం జరుగుతుందో మీకు వేరే చెప్పనక్కర లేదు. మతి చలించినదన్న బాధకు తోడు ఆమె శీలంపై అనుమానం మోపుతారు. ఆమె మౌనంగా మందు మానేస్తుంది. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ వంటి మందులతో ఇలా జరగవచ్చునని, ఒక రక్తపరీక్షతో తెలుస్తుందని, అరిపిప్రజోల్ వంటి మందుకు మార్చే వీలుందని తల్లికి ముందే తెలిస్తే ఒక బిడ్డ పరువూ చికిత్సా రెండూ నిలుస్తాయి. పురుషులకు కూడా దాంపత్య జీవితంలో ఇబ్బంది రావచ్చు. సిగ్గుతో దాచుకొని మందు ఆపేసేవారున్నారు.

ఒలాంజపిన్, క్లోజపిన్ వంటి కొత్తతరం మందులు కదలికల దారిని తక్కువగా బాధిస్తాయి. కాని ఇతర గ్రాహకాలపై కూడా పనిచేసి ఆకలిని, బరువును, చక్కెరను పెంచవచ్చు. ఈ మందులు వాడేవారికి తూకం, చక్కెర, కొవ్వు పరీక్షలు క్రమం తప్పరాదు. రెండు రకాల మందులకూ లొంగని వ్యాధికి క్లోజపిన్ అన్నిటికంటే మేలైనది. అయితే తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం కొద్దిమందిలో ఉన్నందున మొదటి 18 వారాలు ప్రతి వారం రక్తపరీక్ష చేయిస్తారు.

మరి దీనికి కొలత ఉందా? ఉంది. 2000లో కపూర్ బృందం హాలోపెరిడాల్ వాడేవారి మెదళ్లను స్కాన్ చేసి, డి2 తాళాల్లో దాదాపు 65 శాతం మూసుకుంటే మేలు కనబడుతున్నదని, 78 శాతం దాటితే బిగుసుకుపోవడం మొదలవుతున్నదని చూపింది. ఆ ఇరుకు సందులో నడవడమే వైద్యుని నేర్పు. రోగి చెప్పకుంటే ఆ సందు ఎక్కడుందో వైద్యునికి తెలిసే దారి లేదు. 2024 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం డి2ను నేరుగా మూయని ఒక కొత్తరకం మందును మొదటిసారిగా అనుమతించింది. ముందు తరాలకు మేలైన దారులు తెరుచుకోవచ్చు. అందాకా ఉన్న మందులను తెలివిగా వాడుకోవాలి.

మానేస్తే ఏమవుతుంది?

ఇన్ని బాధలున్నప్పుడు మానేస్తేనే మేలు కదా అని అడుగుతారు. 2012లో లాన్సెట్ పత్రిక 65 పరిశోధనలను కలిపి లెక్కగట్టిన ఫలితాన్ని ప్రచురించింది. మందు కొనసాగించిన వారిలో ఏడాదిలోపు వ్యాధి తిరగబెట్టింది 100 మందిలో 27 మందికి. మందు తీసి ఉత్త మాత్ర ఇచ్చిన వారిలో 64 మందికి. మందు వాడినా 27 మందికి తిరగబెట్టిందన్నది నిజమే, మానితే ఆ సంఖ్య రెట్టింపును దాటిందన్నదీ నిజమే.

అన్నిటికంటే ప్రమాదం రహస్యంగా మానడం. వైద్యునికి తెలియదు, ఇంట్లో తెలియదు. కొన్ని వారాలు బాగానే ఉంటుంది, ‘మందు అక్కరలేదు’ అన్న నమ్మకం కుదురుతుంది. తరువాత ఒక రాత్రి అంతా కూలుతుంది. అందుకే “మందు వేసుకున్నావా?” అని పోలీసులా అడగడం మాని “మందు ఎలా ఉంది?” అని అడగడం నేర్చుకుందాం. రోజూ మాత్ర మింగలేనివారికి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి వేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి.

దువా, దవా

రోగం వచ్చినప్పుడు చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు. మతి లేనివాని మీద ధార్మిక విధుల బాధ్యత లేదని మన ఫిఖహ్ పండితులు ఏకగ్రీవంగా చెప్పారు. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఖుర్‌ఆన్‌లోనే ఉంది. 1154లో డమాస్కస్‌లో నూరుద్దీన్, 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ నెలకొల్పిన ఆసుపత్రుల్లో మతి చలించిన వారికి చోటు ఉండేది. 1488లో ఎదిర్నేలో కట్టిన ఆసుపత్రిలో వారికి సంగీతం కూడా వినిపించేవారు. ఇది మన వారసత్వం. దువా చేయించండి, ఖుర్‌ఆన్ పారాయణం చేయించండి, వద్దనేవారు లేరు. కాని మందు మానితేనే నయం చేస్తానని ఏ ఆమిల్ అన్నా అతని గడప దిగి వచ్చేయండి. రమజానులో మోతాదులను ఇఫ్తార్, సహరీ వేళలకు సర్దవచ్చునా అని ముందే వైద్యుణ్ణి అడగండి, సొంతంగా ఆపవద్దు.

పెళ్లి చేస్తే కుదురుతుందన్న మాట కూడా వదులుకోవాలి. చెప్పి చేస్తే ఈ వ్యాధి ఉన్నవారు చక్కగా కాపురం చేయగలరు. దాచి చేస్తే రెండు జీవితాలకు అన్యాయం చేసినట్టే.

మూయవలసినవి గొలుసులు కావు

2001 ఆగస్టు 6న తమిళనాడులో రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గాను నమ్ముకొని వచ్చిన రోగులను ఉంచిన ఒక ప్రైవేటు వసతిగృహం తెల్లవారుజామున అంటుకుంది. రోగులను గొలుసులతో కట్టి ఉంచారు. పారిపోలేక 28 మంది కాలిపోయారు. వారిలో హిందువులూ ముస్లింలూ అన్న లెక్క మంట వేయలేదు. సుప్రీంకోర్టు ఆ ఘటనను తనంతట తానుగా విచారణకు తీసుకుంది.

2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 నుంచి అమలులో ఉంది. దాని 95వ సెక్షన్ రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. 18వ సెక్షన్ మతం, కులం, లింగం, వర్గం వంటి ఏ భేదమూ లేకుండా చికిత్స పొందే హక్కునిచ్చింది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు చేతిలో లేకపోయినా, ప్రభుత్వ వ్యయంతో నడిచే సంస్థల్లో ఈ చికిత్స ఉచితం. 20వ సెక్షన్ ప్రకారం చేరిన రోగికి తన మతాచారాలు పాటించే వీలుండాలి, బలవంతంగా తల గొరిగించరాదు, తన బట్టలు తాను వేసుకుంటానంటే యూనిఫాం రుద్దరాదు. మన స్త్రీలకు ఇది ఎంత విలువైన రక్షణో గమనించండి.

ఈనాటి మన అంశానికి గుండెకాయ వంటిది 22వ సెక్షన్. తన జబ్బు ఏమిటో, ఇస్తున్న చికిత్స ఏమిటో, దానివల్ల తెలిసిన దుష్ప్రభావాలు ఏమిటో, తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు రోగికి, అతడు నియమించుకున్న ప్రతినిధికి ఉంది. తెలుగులో అడగండి, ఉర్దూలో అడగండి. ఇది ఎవరో చేసే దయ కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మానసిక వ్యాధి కూడా ఉంది. 40 శాతం, అంతకు మించిన వైకల్యం ధ్రువీకరణ అయినవారు ఆ చట్టం కింది ప్రయోజనాలు కోరవచ్చు.

చివరగా మూడు విన్నపాలు. ప్రతి రోగి ఇంట్లో ఒక చిన్న పుస్తకం ఉంచండి: మందు పేరు, మోతాదు, నిద్ర, ఆకలి, బరువు, నెలసరి, వణుకు, తహతహ. వైద్యుడు ఐదు నిమిషాలే కేటాయించినా ఆ పుస్తకం మీ తరఫున మాట్లాడుతుంది. మసీదు కమిటీలు, మహిళా సంఘాలు ఏడాదికి ఒకసారైనా ఈ విషయంపై మాట్లాడించాలి. ప్రభుత్వ టెలి మానస్ సహాయ నంబరు 14416ను నోటీసు బోర్డుపై రాయించాలి. అమీర్‌పేట, పంజగుట్ట హాస్టళ్లలో పిల్లలను ఉంచిన తల్లిదండ్రులు మార్కులతోపాటు నిద్ర గురించి కూడా అడగాలి.

మతి చలించినవారి ఆస్తిని కాపాడే బాధ్యత ఉన్నవారు వారికి తిండి, బట్ట ఇవ్వాలని, వారితో మంచిగా మాట్లాడాలని ఖుర్‌ఆన్‌లోని నిసా సూరా నుంచి మన పండితులు గ్రహించారు. ఇంటి గడప దాటి, ఆసుపత్రి వరుసలో, పెళ్లి సంబంధాల మాటల్లో, వీధి నవ్వుల్లో కూడా ఆ మంచి మాట వినబడాలి. రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక. వారి మాట వినే ఓపికను మనకు ప్రసాదించుగాక. ఆమీన్.